చవక తుపాకీ పేదల కాపలా కాదు

ఎక్కడో ఒక ఆడబిడ్డ మీద ఘోరం జరిగిన వారం తిరగకముందే ఆ మాట మళ్ళీ వినబడుతుంది: "ఆడవాళ్ళ చేతికి తుపాకులివ్వండి, అప్పుడు ఎవడు ముట్టుకుంటాడో చూద్దాం." దళితవాడ మీద దాడి జరిగినా అదే మాట. టీవీ చర్చల్లో విన్నాం, సభల్లో విన్నాం, ఇప్పుడు ఆరాధన ముగిశాక మన యువకుల నోట కూడా వింటున్నాం. ఆ మాట వెనక ఉన్న కోపాన్ని మేము తప్పుపట్టం. ఆ కోపం లేనివాడికి న్యాయం గురించి మాట్లాడే హక్కు లేదు. మేము తప్పుపట్టేది ఆ కోపాన్ని సరుకు చేసి, ధర కట్టి, భద్రత అని పేరు పెట్టి అమ్మడాన్ని.

తుపాకీ కొనేవాళ్ళు సాధారణంగా మూడు సంగతులు చూస్తారు. అవసరమైనప్పుడు పేలుతుందా? గురి తప్పకుండా తగులుతుందా? పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉందా? సరే, అదే త్రాసు తీసుకుందాం. "హింస పాపం" అన్న ఒక్క మాటతో ఈ చర్చను ముగించాలని మాకు లేదు. రాత్రి పదింటికి గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి ఒంటరిగా నడిచివచ్చే చెల్లెలికి ఆ ఒక్క మాట సరిపోదు. ఆమెకు లెక్క చెప్పాలి.

సర్కారు అమ్మిన ధైర్యం

2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం మనందరికీ తెలుసు. దేశం రోడ్డెక్కింది. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 29 రోజుల్లో పని ముగించి, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. పోలీసు వ్యవస్థ మారాలంది, ఫిర్యాదు తీసుకోని అధికారిని శిక్షించాలంది, వీధుల్లో దీపాలు, రాత్రిపూట భద్రమైన బస్సులు కావాలంది. మరో ఏడాదికి, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఒక రివాల్వర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దాని పేరు 'నిర్భీక్'. స్త్రీల కోసం ప్రత్యేకంగా చేశామన్నారు. .32 కేలిబర్, ఆరు తూటాలు, టైటానియం మిశ్రలోహం, సుమారు అర కిలో బరువు, హ్యాండ్‌బ్యాగులో పట్టే సైజు. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. ధర 1,22,360 రూపాయలు.

ఆ పేరు ఎవరిని గుర్తు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. చనిపోయిన అమ్మాయికి దేశం పెట్టుకున్న పేరును కాస్త మార్చి ఆయుధం మీద చెక్కారు. ఆమెను కాపాడలేకపోయిన ప్రభుత్వమే, ఆమె పేరుకు దగ్గరి పేరుతో, మిగతా ఆడవాళ్ళకు తుపాకీ అమ్మింది.

ధర ఎక్కువన్న విమర్శ వచ్చింది. ఆ తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి 'నిడర్' వచ్చింది. .22 కేలిబర్, బరువు సుమారు 250 గ్రాములు, ధర సుమారు 35 వేలు. చవక తుపాకీ అంటే మన దేశంలో చట్టప్రకారం దొరికేవాటిలో ఇదొకటి. 1980ల మధ్య నుంచి పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది కనుక ఈ అంగడిలో చాలాకాలం పెద్ద దుకాణదారు ప్రభుత్వమే. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు, చిన్న ఆయుధాల పని కాన్పూరు కేంద్రంగా ఉన్న ఒక కంపెనీకి వెళ్ళింది. బోర్డు మారింది గానీ దుకాణదారు మారలేదు.

అవసరానికి పేలుతుందా?

రివాల్వర్ మామూలు యంత్రం. తిరిగే చక్రంలో తూటాలు, ట్రిగ్గర్ నొక్కితే ఒకటి పేలుతుంది, చక్రం తిరిగి మరొకటి ముందుకు వస్తుంది. పిస్టల్ కంటే మొరాయించే అవకాశం తక్కువ. ఈ మాట నిజమే, ఒప్పుకుందాం. అయితే చవకగా చేసిన తుపాకీ కథ ఎలా నడుస్తుందో అమెరికా ఇప్పటికే చూసింది. ఆ పాఠం మనం ఉచితంగా నేర్చుకోవచ్చు.

1968లో అమెరికా తన తుపాకుల చట్టంతో నాసిరకం చిన్న తుపాకుల దిగుమతిని అడ్డుకుంది. వాటిని అక్కడ హేళనగా 'శనివారం రాత్రి స్పెషల్' అనేవారు. దిగుమతి ఆగింది కానీ దేశంలో తయారుచేయడానికి అడ్డు లేదు. దక్షిణ కాలిఫోర్నియాలో వరసగా కంపెనీలు పుట్టాయి. ఉక్కుకు బదులు జింకు మిశ్రలోహాన్ని అచ్చుల్లో పోసి పిస్టళ్ళు చేశారు. కొన్నవాళ్ళు ఎవరు? ఎక్కువగా పేదవాడల్లో భయంతో బతికేవాళ్ళు. వాటికి బలైనవాళ్ళు కూడా ఎక్కువగా ఆ వాడల వాళ్ళే.

1994లో అలాంటి ఒక చవక పిస్టల్ నుంచి తూటా తీయబోతుంటే పేలి ఏడేళ్ళ బాలుడి దవడకు తగిలింది. ఆ పిల్లవాడికి మెడ కింద శరీరం పనిచేయకుండా పోయింది. ఆ పిస్టల్ నిర్మాణం ఎలాంటిదంటే, లోపలి తూటా తీయాలంటే ముందు సేఫ్టీ మీట వదలాలి. అంటే, ప్రమాదం లేకుండా చేసుకోవాలన్నా ముందు ప్రమాదంలోకి అడుగుపెట్టాలి. 2003లో జ్యూరీ ఆ తయారీదారు బ్రైకో కంపెనీని, దానితో పాటు మరికొందరిని బాధ్యులను చేసి 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. కంపెనీ దివాలా తీసింది. 2004లో వేలం జరిగితే పాత కంపెనీ ఫోర్‌మన్ ఒకరు 5 లక్షల 10 వేల డాలర్లకు దాన్ని కొని కొత్త పేరుతో తయారీ మొదలుపెట్టారు. బాలుడు చక్రాల కుర్చీలోనే ఉండిపోయాడు, అచ్చులు మళ్ళీ పనిలోకి వెళ్ళాయి.

కాలిఫోర్నియా 1999లో ఒక చట్టం చేసింది, 2001 నుంచి అమలైంది. కొత్త మోడల్ ఏదైనా మూడు తుపాకులు తెచ్చి ఒక్కొక్కటీ 600 తూటాలు పేల్చి చూడాలి. మొదటి 20 తూటాల్లో ఒక్కసారి కూడా మొరాయించకూడదు. మొత్తంలో ఆరుసార్లకు మించి మొరాయించకూడదు. మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడినా పేలకూడదు. ఇంత మామూలు షరతు పెట్టడానికి ఒక రాష్ట్రం చట్టసభ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ దేశంలో పిల్లల బొమ్మల భద్రతను తనిఖీ చేసే వినియోగదారుల సంస్థకు తుపాకుల జోలికి వెళ్ళే అధికారాన్ని చట్టమే ఇవ్వలేదు.

ఇక మన దేశపు అసలైన చవక తుపాకీ దగ్గరకు రండి. అది కాన్పూరుదీ కాదు, ఇషాపూరుదీ కాదు. నాటు 'కట్టా'. 1760లలో మీర్ ఖాసిం బీహారులోని ముంగేరును రాజధానిగా చేసుకుని తుపాకుల పని పెట్టించినప్పటి నుంచి అక్కడ ఆ చేతిపని ఉంది. లైసెన్సు ఉన్న కార్ఖానాలు పని లేక మూలబడుతుంటే ఆ నైపుణ్యం దొంగ కొలుముల్లోకి జారింది. చేతికందిన ఇనుప గొట్టంతో చేసిన కట్టా ఎదుటివాడి మీద పేలుతుందో, పట్టుకున్నవాడి చేతిలోనే పగులుతుందో చేసినవాడికీ తెలియదు. జాతీయ నేర గణాంకాలు చూడండి, మన దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధిక భాగం లైసెన్సు లేని ఆయుధాలతోనే. "పేదవాడికీ తుపాకీ కావాలి" అన్న నినాదం చివరకు పేదవాడిని నడిపించేది ఈ అంగడికే. అక్కడ దొరికితే ఆయుధాల చట్టం కింద జైలు. జైలుకు వెళ్ళేది అమ్మినవాడికంటే ముందు కొన్న మన పిల్లవాడు.

చట్టప్రకారం కొన్న తుపాకీ అయినా అవసరానికి చేతిలో ఉంటుందా? ఎన్నికలు వస్తే చాలా జిల్లాల్లో లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి. కులాల కొట్లాటలు ఎక్కువగా రేగేది ఆ రోజుల్లోనే అని పల్లెలెరిగినవాళ్ళకు చెప్పాలా? మిగతా రోజుల్లో దాన్ని పిల్లల చేతికి అందకుండా తాళంవేసి దాచాలి. దాస్తే సమయానికి అందదు, అందేలా పెడితే పిల్లల చేతికీ అందుతుంది. ఒంటిగది ఇంట్లో ఈ చిక్కుకు పరిష్కారం ఏ కంపెనీ దగ్గరా లేదు.

గురి ఎవరి మీద?

నిర్భీక్ 15 మీటర్ల దూరం వరకు గురిగా కొడుతుందని చెప్పారు. కాగితం బొమ్మ మీద కొడుతుందేమో. బొమ్మ కదలదు, తిరగబడదు, మెడ పట్టుకోదు. ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన న్యూయార్కు పోలీసుల కాల్పులను ర్యాండ్ సంస్థ పరిశీలించి 2008లో నివేదిక ఇచ్చింది. 1998 నుంచి 2006 వరకు, ఎదురుకాల్పుల్లో వాళ్ళు పేల్చిన తూటాల్లో తగిలినవి సగటున 18 శాతం. ఎదుటివాడు కాల్చనప్పుడు కూడా 30 శాతమే. జీతమిచ్చి, రేంజిలో సాధన చేయించి, తూటాలు ప్రభుత్వమే ఇచ్చిన మనుషుల గురి అది. చట్టం అడిగే చిన్న శిక్షణ ముగించి, లైసెన్సులో రాసినన్ని తూటాలే కొనగలిగి, వాటిని సాధనకు ఖర్చుపెట్టలేని మన అక్కకు ఎంత శాతం గురి ఉంటుంది? మిగతా తూటాలు ఎక్కడికి పోతాయి? ధారావిలో గాని, చెన్నై పారిశుధ్య కార్మికుల కాలనీల్లో గాని గోడకు గోడ ఆనుకునే ఇళ్ళు. తప్పిన తూటాకు పక్కింటి పాప ఎంతో దూరంలో ఉండదు.

ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. తుపాకీ అమ్మేవాడు చూపించే బొమ్మలో శత్రువు చీకటి సందులోంచి వచ్చే ముక్కూమొహం తెలియనివాడు. గణాంకాలు చూపించే శత్రువు వేరు. మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, ఇరుగుపొరుగు, యజమాని, పెళ్ళాడతానన్నవాడు. స్త్రీలపై నమోదయ్యే నేరాల్లో అన్నిటికంటే పెద్ద వాటా, దాదాపు మూడో వంతు, భర్త, అత్తింటివారి హింస. ఈ శత్రువు 15 మీటర్ల దూరంలో లేడు. అదే కంచంలో తింటున్నాడు, అదే చాప మీద పడుకుంటున్నాడు. ఆమె తుపాకీ ఎక్కడ దాచిందో అతనికీ తెలుసు. తాగి వచ్చిన రాత్రి ఆ తుపాకీ మొదట ఎవరి చేతికి వెళుతుంది? మన ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఈ ప్రశ్నకు తడుముకోరు.

పెట్టిన డబ్బుకు ఫలితం

రోజుకు 500 రూపాయల కూలి అనుకుందాం. షోలాపూరులో బీడీలు చుట్టే మన తెలుగు స్త్రీలలో అంత కూడా రానివాళ్ళు ఎందరో. అయినా అనుకుందాం. నిర్భీక్ కొనాలంటే అన్నం నీళ్ళు మాని దాదాపు 245 రోజులు పని చేయాలి. నిడర్‌కు 70 రోజులు. దీనిపైన పన్ను, లైసెన్సు రుసుము, శిక్షణ, డాక్టరు సర్టిఫికెట్టు, తూటాలు, తాళంపెట్టె, ఆఫీసుల చుట్టూ తిరగడానికి పోగొట్టుకునే కూలి. 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది: తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. చట్టం నిరాకరించదు. ధరే నిరాకరిస్తుంది.

అప్పు చేసి కొన్నారే అనుకుందాం. ఇంట్లోకి ఏమి వచ్చినట్టు? అమెరికాలో సియాటిల్ నగరమున్న కింగ్ కౌంటీలో ఆరేళ్ళపాటు ఇళ్ళలోని తుపాకులతో జరిగిన మరణాలను లెక్కించి 1986లో వైద్యపత్రికలో ప్రచురించారు. ఆత్మరక్షణలో ఒకరిని చంపిన ప్రతి ఘటనకు ఎదురుగా 43 ఇతర మరణాలున్నాయి. వాటిలో 37 ఆత్మహత్యలు. తుపాకీ చూపి దొంగను పారదోలిన సందర్భాలు ఈ లెక్కలోకి రాలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఆ 37ను ఏ అభ్యంతరమూ చెరపలేదు. అప్పుల బాధ, తాగుడు, పరీక్ష తప్పిన పిల్లల కుంగుబాటు ఉన్న ఇంట్లోకి క్షణంలో పని ముగించే వస్తువును తెచ్చిపెట్టడం కాపలా కాదు. సమాధుల దొడ్డిలో మట్టి వేసే మాకు ఆ అంకె అంకెలా కనబడదు.

"మరి వాళ్ళ దగ్గర ఉన్నాయిగా?"

ఇది బలమైన ప్రశ్న, దాటవేయం. భూస్వామి గోడకు లైసెన్సు తుపాకీ వేలాడుతుంటే మనల్ని చేతులు కట్టుకుని ఉండమనడం ఏం న్యాయం? ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక నిబంధనలు 1995, మూడో నిబంధన తీసి చదవండి. అత్యాచారాలు జరిగే ప్రాంతాలలో ప్రభుత్వం అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వవచ్చని అందులో ఉంది. ఈ ఒక్క ముక్కనే కొందరు నాయకులు సభల్లో చదువుతారు. దానికి పైన ఉన్నవి చదవరు. ఆ కులాలకు చెందనివారి, వారి దగ్గరి బంధువుల, పనివారి ఆయుధ లైసెన్సులు రద్దు చేసి ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమచేయించాలి. అక్రమ ఆయుధాలన్నీ స్వాధీనం చేసుకోవాలి. చట్టం పెట్టిన వరస అది. ముందు కొట్టేవాడి చేతిలోది లాక్కో. ఆ పని చేయడానికి ధైర్యం చాలని ప్రభుత్వం దెబ్బతిన్నవాడికి తుపాకీ ఇస్తానంటే, తన పని అతని నెత్తిన వేస్తున్నదని అర్థం. రేపు ఆ తుపాకీ పేలితే బోనులో నిలబడేది ఎవరో కూడా మనకు తెలుసు.

మన దళిత క్రైస్తవుల సంగతి ఇంకా ఘోరం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మనల్ని షెడ్యూల్డ్ కులాల జాబితా బయట నిలబెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోపలికి రానిచ్చి మన ముందు తలుపు మూసే ఉంచారు. వాడ ఒకటే, దెబ్బ ఒకటే, చట్టం మాత్రం రెండు. ఈ గోడ పడగొట్టమని అడగడానికి ఖర్చుపెట్టాల్సిన గొంతును చవక తుపాకీ కోసం అరిగించుకోవద్దు.

వస్త్రం అమ్మి అయినా కత్తి కొనుక్కోమని ప్రభువే అన్నాడుగా అని లూకా 22వ అధ్యాయం చూపించేవారున్నారు. ఆ అధ్యాయం చివరిదాకా చదవమని మా మనవి. పన్నెండుగురి మధ్య రెండు కత్తులు చూపిస్తే చాలన్నాడు. రెండు కత్తులతో రోమా సైన్యాన్ని ఎవరూ ఆపలేరు. అదే రాత్రి తోటలో ఒక కత్తి లేచింది. గురి తప్పి ఒక దాసుడి చెవి తెగింది. పెద్దయాజకుడికి గీత కూడా పడలేదు. తెగిన చెవిని ప్రభువు అతికించాడు. గాయపడింది పెత్తందారు కాదు, అతని పనివాడు. కత్తుల లెక్క ఎప్పుడూ ఇలాగే తేలుతుంది.

ఇదే త్రాసులో ఠాణాను తూచుదాం

నమ్మకం, గురి, ధరకు తగ్గ ఫలితం. ఈ మూడూ మంచి ప్రశ్నలే. అడగాల్సిన చోట అడగడం లేదు, అంతే.

అవసరానికి పనిచేస్తుందా అని పోలీసు స్టేషన్‌ను అడుగుదాం. ఏ స్టేషన్ పరిధిలో నేరం జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. రాసింది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. లైంగిక నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద కనీసం ఆరు నెలల జైలు. తెలుగు నేల బయట బతికే మనకు భాష మరో గోడ. మరాఠీలోనో తమిళంలోనో ఒడియాలోనో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చిన మన అక్కచెల్లెళ్ళు ఎందరు? అందులో ఏం రాశారో వాళ్ళకు తెలుసా? ప్రతి సంఘం నుంచి రెండు భాషలూ వచ్చిన ఇద్దరు స్త్రీలు సిద్ధంగా ఉండాలి. ఏ రాత్రి పిలిచినా ఠాణాకు తోడు వెళ్ళాలి. దీనికి 35 వేలు అక్కరలేదు.

గురి ఎటు ఉందో జిల్లా యంత్రాంగాన్ని అడుగుదాం. అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. మీ జిల్లాలో చివరిసారి ఎప్పుడు కూర్చుంది? మూడో నిబంధన కింద ఎవరి లైసెన్సు అయినా రద్దయిందా? సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టండి. జవాబు వస్తే అందరికీ చదివి వినిపించండి, రాకపోతే అప్పీలుకు వెళ్ళండి.

డబ్బుకు ఫలితం ఏదని ఖజానాను అడుగుదాం. 2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి పెట్టారు, తర్వాత కూడా నిధులు కలిపారు. మీ వార్డులో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి? తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టుకుని బయలుదేరే పారిశుధ్య కార్మికురాలికి బస్సు ఉందా? మీ ఊరి బాధితుల సహాయ కేంద్రం తలుపు రాత్రి తెరిచి ఉంటుందా? వార్డు సభ్యుడిని అడగండి, ఓటు అడగడానికి వచ్చినవాడిని గుమ్మంలోనే నిలబెట్టి అడగండి.

తన రక్షణ తాను కొనుక్కోమని పౌరురాలికి చెప్పే ప్రభుత్వం తన ఓటమిని ఆమెకే బిల్లు వేస్తున్నది. ఆ బిల్లు 1,22,360 అయినా, 35,000 అయినా మనం కట్టం. మన పన్నుల్లో ఇదివరకే కట్టాం. దానికి రావలసిన కాపలా ఇమ్మని ఈ నెలలోనే, మీ స్టేషన్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి అడగండి.